ప్రభుత్వ బడి పిల్లల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మండల పరిషత్, జిల్లా పరిషత్, మున్సిపల్, ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లల్ని చదివించుకుంటున్న అమ్మానాన్నల కోసం రాసినవి ఇవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ వర్తించేలా రాశాం. తేడా ఉన్నచోట ఏది ఎక్కడిదో చెప్పాం. హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయులు) గది గుమ్మం దాకా వచ్చి, "మనం చదువుకోలేదు కదా, ఏం అడుగుతాంలే" అని వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. అలా వెళ్ళిపోవద్దు. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి ఉచిత నిర్బంధ విద్య 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం ఇచ్చిన హక్కు. కింద ఉత్త సెక్షన్ నంబరు చెప్పినచోటల్లా అది ఈ చట్టంలోదే. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

మా పాపకి ఐదేళ్ళు నిండాయి. ఒకటో తరగతిలో చేర్చుకుంటారా?

ఐదేళ్ళు నిండిన పిల్లల్ని ఒకటిలో చేర్చుకోవడం మన దగ్గర చాలాకాలంగా ఉన్న పద్ధతి. 2020 జాతీయ విద్యా విధానం మాత్రం ఆరేళ్ళు నిండాలంటుంది. ఈ విషయంలో ఆ ఏడాదికి ఏ ఉత్తర్వు ఉందో మీ ఊరి హెచ్‌ఎం చూసి చెబుతారు. ఐదు నిండకుండానే చేర్పించాలని తొందరపడి పుట్టిన తేదీ మార్చి చెప్పడం మాత్రం వద్దే వద్దు. ఆ తేదీ పిల్ల ఉద్యోగంలో చేరేదాకా వెంట వస్తుంది. ఒక ఏడాది అంగన్‌వాడీలో ఎక్కువ ఉంటే నష్టమేమీ లేదు.

చేర్పించడానికి ఏ కాగితాలు కావాలి? మాకు జనన ధ్రువపత్రం లేదు, పాపకి ఆధార్ కూడా రాలేదు.

ఉంటే తీసుకెళ్ళండి, లేకపోయినా వెళ్ళండి. విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బడీ పిల్లని తిప్పి పంపకూడదు. ఆధార్ సంగతి 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తేల్చేసింది: బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదు. ముందు పిల్ల తరగతిలో కూర్చోవాలి, కాగితాలు ఆ తర్వాత.

ఆ తర్వాతైనా తెచ్చుకోవడం మీకే మంచిది. పథకాలు, స్కాలర్‌షిప్పులు అన్నీ ఆధార్ మీదే నడుస్తున్నాయి. ఐదేళ్ళలోపు తీసిన ఆధార్‌లో వేలిముద్రలు ఉండవు కాబట్టి ఐదు దాటాక ఒకసారి, పదిహేను దాటాక ఇంకోసారి బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించాలి. పదో తరగతి పిల్లల్లో చాలామందికి ఈ రెండోది పెండింగ్‌లో ఉండిపోతుంది. పరీక్షల సీజన్లో పరుగెత్తే కన్నా వేసవి సెలవుల్లోనే చేయించేయండి.

పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఒకలా, బడిలో ఒకలా ఉన్నాయి. అంత పెద్ద సమస్యా?

అవును, పెద్ద సమస్యే. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

బడిలో అడ్మిషన్ రిజిస్టర్ అని ఒక పెద్ద పుస్తకం ఉంటుంది. పిల్ల చేరిన రోజు అందులో ఒక వరుస రాస్తారు: అడ్మిషన్ నంబరు, పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, కులం, పుట్టుమచ్చలు. టీసీ (బడి మారేటప్పుడు ఇచ్చే బదిలీ సర్టిఫికెట్) మీదికి ఎక్కేది ఆ వరుసే. పదో తరగతిలో నామినల్ రోల్స్‌కి, అంటే పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితాకి వెళ్ళేది అదే. పదో తరగతి సర్టిఫికెట్ మీద అచ్చయ్యేదీ అదే. ఆ తర్వాత పాస్‌పోర్టుకి, ఉద్యోగానికి, పింఛనుకి కూడా పుట్టిన తేదీ రుజువుగా ముందు అడిగేది పదో తరగతి సర్టిఫికెట్టే.

తప్పులు ఎలా దొర్లుతాయో చూడండి. ఆధార్‌లో "వెంకట సాయి" అని విడివిడిగా ఉంటుంది, బడిలో "వెంకటసాయి" అని కలిపి రాస్తారు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరంలో, ఇంకోచోట పూర్తిగా. తల్లి పేరు ఒకచోట పుట్టింటి ఇంటిపేరుతో, ఇంకోచోట అత్తింటి ఇంటిపేరుతో. పుట్టిన తేదీ గుర్తులేక జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేసేస్తారు. మనిషి చూస్తే ఇవన్నీ ఒకటే అని తెలుస్తుంది. కంప్యూటర్ మాత్రం వేర్వేరు మనుషులనుకుంటుంది.

అందుకే చేర్పించే రోజు దరఖాస్తు నోటితో చెప్పి రాయించవద్దు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో సహా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. రాయడం రాకపోతే చదువుకున్న మేనల్లుడినో, పక్కింటి అమ్మాయినో వెంట తీసుకెళ్ళండి. రిజిస్టర్‌లో రాశాక "ఒకసారి చదివి వినిపించండి సార్" అని అడగండి. ఆ మాట అంటే ఏ టీచరూ తప్పుపట్టరు.

తప్పు ఇప్పటికే ఉంటే పిల్ల ఈ బడిలో చదువుతుండగానే దిద్దించుకోవడం తేలిక. జనన ధ్రువపత్రం సరిగ్గా ఉంటే దాన్నే ఆధారంగా పెట్టుకుని, ఆధార్, బడి రికార్డు రెండూ దానికి సరిపోయేలా చేయించండి. జనన ధ్రువపత్రమే లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీలో ఆలస్యపు నమోదుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పదో తరగతి సర్టిఫికెట్ వచ్చాక దిద్దాలంటే ఫైలు బడి నుంచి ప్రభుత్వ పరీక్షల విభాగం దాకా నడవాలి. పుట్టిన తేదీ విషయంలోనైతే రాతలో దొర్లిన పొరపాటని పాత రికార్డుతో రుజువు చేయలేకపోతే మారడం చాలా కష్టం.

అపార్ అంటున్నారు, పెన్ నంబరు అంటున్నారు. ఇవేమిటి?

పెన్ అంటే యూడైస్‌లో (బడుల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్) పిల్లకి ఇచ్చే 11 అంకెల నంబరు. బడి మారినా అది మారదు. అపార్ 12 అంకెల ఐడీ, మార్కుల మెమోలు డిజీలాకర్‌లో దాచడానికి. అపార్‌కి తల్లి లేదా తండ్రి సంతకంతో సమ్మతి పత్రం కావాలి. పేరు ఆధార్‌తో సరిపోకపోతే అపార్ రాదు. చాలామంది తమ పిల్ల పేరులో తప్పుందని మొదటిసారి తెలుసుకునేది ఇక్కడే.

పనుల కోసం ఊరు మారుతున్నాం. టీసీ ఇవ్వడం లేదు, అక్కడి బడిలో టీసీ లేనిదే చేర్చుకోమంటున్నారు.

ఇద్దరిదీ తప్పే. చట్టం 5వ సెక్షన్ రెండు మాటలు చెబుతుంది. ఒకటి, అడిగిన వెంటనే హెచ్‌ఎం టీసీ ఇవ్వాలి. రెండు, టీసీ ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి పిల్లని చేర్చుకోకుండా ఆపకూడదు. ఇది ఎనిమిదో తరగతి దాకా గట్టిగా వర్తిస్తుంది. విద్యాసంవత్సరం మధ్యలో వెళ్ళినా చేర్చుకోవాల్సిందే.

పాత బడిని ఇంకో పని కూడా అడగండి. యూడైస్ పోర్టల్‌లో పిల్ల పేరుని ఆ బడి నుంచి వదిలి డ్రాప్‌బాక్స్‌లో పెట్టాలి. అప్పుడే కొత్త బడివాళ్ళు పెన్ నంబరు కొట్టి తమ జాబితాలోకి తెచ్చుకోగలరు. ఇది చేయకపోతే పిల్ల కొత్త బడిలో కూర్చుంటుంది, పేరు మాత్రం పాత బడిలోనే ఉండిపోతుంది. పుస్తకాలు, యూనిఫాం, పథకాల లెక్కలన్నీ తప్పుతాయి. పెన్ నంబరు ఒక చిన్న కాగితం మీద రాయించుకుని వెంట ఉంచుకోండి.

ఇటుక బట్టీలకీ మిర్చి కోతలకీ వెళ్ళేవాళ్ళకి ఒక మాట. పిల్లల్ని వెంట తీసుకెళ్ళకుండా ఉండేందుకు వలస ఎక్కువగా ఉన్న మండలాల్లో సీజనల్ హాస్టళ్ళు పెడుతుంటారు. వెళ్ళే ముందే మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి. నాలుగు నెలలు బడి మానేసిన పిల్ల మళ్ళీ ఆ తరగతిని అందుకోవడం ఎంత కష్టమో ప్రతి టీచరుకీ తెలుసు. చదువు మధ్యలో ఆగినా, అసలు మొదలే కాకపోయినా, వయసుకి తగిన తరగతిలోనే చేర్చుకుని విడిగా శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతుంది. పదేళ్ళ పిల్లాడిని ఒకటో తరగతిలో కూర్చోబెట్టనక్కర్లేదు.

బడిలో డబ్బులు అడగొచ్చా?

ఒకటి నుంచి ఎనిమిది దాకా ఏ ఫీజూ లేదు. చేర్చుకోవడానికి చందా అడగకూడదు, పిల్లకి గానీ మీకు గానీ పరీక్ష పెట్టకూడదు. టీసీకి, స్టడీ సర్టిఫికెట్‌కి డబ్బు ఇవ్వాల్సిన పని లేదు. తొమ్మిది, పదిలో కూడా ట్యూషన్ ఫీజు ఉండదు. పదో తరగతి పబ్లిక్ పరీక్ష ఫీజు మాత్రం ఉంటుంది: రెగ్యులర్ విద్యార్థికి అన్ని సబ్జెక్టులకీ కలిపి 125 రూపాయలు. ఇంకేమైనా అడిగితే "రసీదు ఇవ్వండి" అనండి. సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది.

ఇంకో విషయం: బడిలో పాఠం చెప్పే టీచరు బయట డబ్బు తీసుకుని ట్యూషన్ చెప్పడాన్ని 28వ సెక్షన్ నిషేధించింది. ట్యూషన్‌కి రాని పిల్లని తరగతిలో చిన్నచూపు చూస్తున్నారనిపిస్తే ఊరుకోవద్దు.

ఉచితంగా ఏమేం ఇస్తారు?

పాఠ్యపుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉచితం. తెలంగాణలో రెండు జతల యూనిఫాం మహిళా సంఘాలు కుట్టి ఇస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్ ఇస్తున్నారు. అందులో యూనిఫాం గుడ్డ, బూట్లు, సాక్సులు, బెల్టు, బ్యాగు, నోటు పుస్తకాలు ఉంటాయి. బూట్లు బిగువైతే మార్చుకోవడానికి వీలుంటుంది. పెట్టె విప్పిన రోజే తొడిగించి చూడండి, నెల తర్వాత అడిగితే సైజులు మిగలవు.

మధ్యాహ్న భోజనం బాగుండటం లేదని పాప అంటోంది. మేము చూడొచ్చా?

చూడొచ్చు, చూడాలి కూడా. కేంద్రం నిబంధన ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లకి రోజుకి 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిదికి 150 గ్రాములు. పిల్లల కంటే ముందు ఒక టీచరు అన్నం తిని చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకాన్ని డొక్కా సీతమ్మ పేరుతో నడుపుతున్నారు. వారంలో ఐదు రోజులు గుడ్డు ఉంటుంది, కొన్ని రోజులు చిక్కీ, కొన్ని రోజులు రాగిజావ. 2025 జూన్ నుంచి సన్నబియ్యం మొదలైంది. తెలంగాణలో సన్నబియ్యం 2015 నుంచే పెడుతున్నారు. గుడ్డు వారానికి మూడు సార్లు.

ఏ రోజు ఏమి వండాలో గోడ మీద మెనూ రాసి ఉంటుంది. ఒక రోజు మధ్యాహ్నం బెల్లు కొట్టే వేళకి వెళ్ళండి. ముందు పప్పు గరిటెతో ఎత్తి చూడండి, నీళ్ళు విడిగా పప్పు విడిగా ఉందా అని. గుడ్డు ప్రతి కంచంలోకీ వెళుతోందా, చివరి వరుస పిల్లలకి కూర మిగిలిందా చూడండి. కంచాలు కడిగే చోటు, తాగే నీళ్ళ డ్రమ్ము కూడా చూడండి. ఏదైనా తేడా కనిపిస్తే వండే అక్కల మీద అరవొద్దు. వాళ్ళకి వచ్చే గౌరవ వేతనం చాలా తక్కువ, బిల్లులు నెలల తరబడి ఆగినా అప్పు తెచ్చి మరీ వండిపెడుతుంటారు. హెచ్‌ఎంతో మాట్లాడండి, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ మీటింగులో ఎత్తండి. ఇంటి నుంచి క్యారియర్ పంపినా అభ్యంతరం ఉండదు, కానీ ఊళ్ళో పది మంది తల్లులు వంతులవారీగా వెళ్ళి చూసే బడిలో భోజనం తప్పకుండా బాగుపడుతుంది.

బడిలో ఇచ్చే మాత్రలు వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. వారానికొకసారి ఇచ్చేవి రక్తహీనతకి ఐరన్ మాత్రలు. ఐదు నుంచి పదేళ్ళ పిల్లలకి గులాబీ రంగువి, ఆపై వయసువాళ్ళకి నీలం రంగువి. అన్నం తిన్నాకే వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారంగా ఉంటుంది. మలం నల్లగా వస్తే భయపడకండి, ఐరన్‌తో అది మామూలే. ఫిబ్రవరిలో, ఆగస్టులో నులిపురుగులకి ఆల్బెండజోల్ ఇస్తారు, నమిలి మింగాలి. ఆ రోజు పిల్లకి జ్వరంగా ఉంటే టీచరుకి చెప్పండి, తర్వాత వేస్తారు.

ఇంగ్లిష్ మీడియం అంటున్నారు. మాకు ఇంగ్లిష్ రాదు, ఇంట్లో ఎలా చూసుకోవాలి?

రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు పుస్తకాలు రెండు భాషల్లో ఉన్నాయి. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి, తెలంగాణలో 2022–23 నుంచి ఇలా వస్తున్నాయి. పాఠం ముందు తెలుగు పేజీలో చదివించండి. విషయం అర్థమైతే ఇంగ్లిష్ పేజీ సగం తేలికవుతుంది. విషయమే తెలియకుండా ఇంగ్లిష్ జవాబులు బట్టీ పట్టించడంలో ఏ ప్రయోజనమూ లేదు.

దీనికంటే ముఖ్యమైన పని ఇంకోటి ఉంది. మీ పిల్ల నిజంగా చదవగలుగుతోందా అనేది మీరే తెలుసుకోండి. మార్కుల కార్డు చూసి నిర్ణయించవద్దు. ఐదో తరగతి పిల్ల అయితే మూడో తరగతి తెలుగు పుస్తకం తెప్పించి, పిల్ల ఇదివరకు చూడని పేజీ తీసి చదవమనండి. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోందా, పదాలుగా చదువుతోందా? "కొ" దగ్గరా "కో" దగ్గరా తడబడుతోందా? ఒత్తు వచ్చినచోట ఆగిపోతోందా, దాన్ని వదిలేసి ముందుకెళుతోందా? చదివాక "ఏముంది అందులో?" అని అడగండి. లెక్కల్లో ఒక రెండంకెల తీసివేత ఇవ్వండి, పక్క నుంచి అప్పు తెచ్చుకునేది. 52లోంచి 27 తీసేయమంటే ఎలా చేస్తుందో చూస్తే చాలు.

మీకే చదువు రాకపోయినా పిల్ల తడబడుతుంటే చెవికి తెలిసిపోతుంది. తడబడుతుంటే పిల్లని తిట్టకుండా, మర్నాడు టీచరు దగ్గరికెళ్ళి ఆ పేజీ చూపించి "ఇక్కడ ఆగిపోతోంది మేడం" అని చెప్పండి. "మా పాప ఎలా చదువుతోంది?" అని అడిగితే "పర్లేదు, బాగానే చదువుతోంది" అనే జవాబు వస్తుంది. పేజీ చూపిస్తే అసలు సంగతి మాట్లాడతారు. తెలంగాణ ప్రాథమిక బడుల్లో 2022 నుంచి తొలిమెట్టు కార్యక్రమం ఉన్నదే ఇలాంటి పిల్లల కోసం. ఆంధ్రప్రదేశ్‌లో కూడా చదవడం, రాయడం, లెక్కలు వెనకబడినవాళ్ళకి విడిగా పని చేయించాలి. మూడో తరగతిలో పట్టుకుంటే కొన్ని నెలల పని. ఎనిమిదిలో పట్టుకుంటే పిల్లకి అప్పటికే చదువంటే సిగ్గు, భయం పట్టుకుని ఉంటాయి.

సరిగా చదవడం లేదని బడి నుంచి తీసేస్తామంటున్నారు.

ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ బడి నుంచి తీసేయకూడదు. 2019లో చట్టం సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి, తప్పినవాళ్ళకి రెండు నెలల్లో మళ్ళీ అవకాశం ఇచ్చి, అప్పటికీ తప్పితే అదే తరగతిలో ఉంచే అధికారం రాష్ట్రాలకి ఇచ్చారు. అదే తరగతిలో ఉంచడం వేరు, పేరు కొట్టేయడం వేరు. రెండోది కుదరదు.

టీచరు కొట్టారు. అడిగితే పిల్ల మీద కక్ష పెట్టుకుంటారేమో అని టెన్షన్‌గా ఉంది.

ఆ భయం అందరికీ ఉంటుంది. కానీ కొట్టడం, అవమానించడం రెండింటినీ 17వ సెక్షన్ నిషేధించింది. "రెండు తగిలించండి సార్, అప్పుడే చదువుతాడు" అని మనమే చెప్పే అలవాటు కూడా మానుకోవాలి. ముందు పిల్ల చెప్పేది పూర్తిగా వినండి. గాయం ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి, ఆసుపత్రిలో చూపించండి. తర్వాత ఒక్కరే కాకుండా ఇంకొకరిని తోడు తీసుకుని హెచ్‌ఎం దగ్గరికి వెళ్ళండి. నెమ్మదిగా మాట్లాడండి, కాగితం మీద రాసి ఇవ్వండి. కాగితం ఉంటే కక్ష తీర్చుకోవడానికి ఎవరూ అంత తేలిగ్గా ధైర్యం చేయరు.

పాప ఒంటి మీద ఎవరైనా చెడుగా చెయ్యి వేశారని చెబితే మాత్రం హెచ్‌ఎం దగ్గర రాజీకి గానీ, ఊరి పెద్దల పంచాయితీకి గానీ వెళ్ళొద్దు. 1098 చైల్డ్‌లైన్‌కి లేదా 112కి ఫోన్ చేయండి. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసిన ఎవరైనా, హెచ్‌ఎంతో సహా, పోలీసులకి చెప్పి తీరాలి. పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, సాధ్యమైనంత వరకు మహిళా అధికారి, యూనిఫాం లేకుండా. పిల్ల పేరు బయటపెట్టడం నేరం. పాపకి మాత్రం ఒక్క మాట పదే పదే చెప్పండి: "తప్పు నీది కాదు, చెప్పి మంచి పని చేశావు."

మా బాబుకి మాటలు సరిగా రావు, నడవడం కష్టం. మామూలు బడిలో చేర్చుకుంటారా?

చేర్చుకోవాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపై వైకల్యం ఉన్న పిల్లలకి 18 ఏళ్ళ దాకా చదువు ఉచితం. మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లు ఉంటారు, ఫిజియోథెరపీ చేయిస్తారు. కదలలేని పిల్లలకి ఇంటికే వచ్చి నేర్పే ఏర్పాటు ఉంది. వినికిడి యంత్రాలు, మూడు చక్రాల బండ్లు ఇచ్చే క్యాంపులు కూడా వీళ్ళ ద్వారానే తెలుస్తాయి. పదో తరగతిలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి వెసులుబాట్లకి వైకల్య ధ్రువపత్రం కావాలి. తొమ్మిదిలోనే తయారు చేసుకోండి.

తల్లికి వందనం డబ్బు మా ఖాతాలో పడలేదు. (ఆంధ్రప్రదేశ్)

2025 జూన్‌లో మొదలైన ఈ పథకంలో ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా, ఇంట్లో చదువుతున్న ప్రతి పిల్లకీ 15 వేలు లెక్క. అందులో 13 వేలు తల్లి ఖాతాలో పడతాయి, 2 వేలు బడి నిర్వహణకి వెళతాయి. 75 శాతం హాజరు ఉండాలి, భూమి, కరెంటు యూనిట్లు, ఆదాయం వంటి షరతులూ ఉన్నాయి.

పేరు జాబితాలో ఉండి కూడా డబ్బు రాకపోతే ఎక్కువసార్లు బ్యాంకు దగ్గరే చిక్కు ఉంటుంది. ఈ డబ్బు ఖాతా నంబరుకి కాదు, ఆధార్‌కి పంపిస్తారు. అమ్మకి రెండు ఖాతాలుంటే ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్‌ని బ్యాంకు ఖాతాకి కలపడం) ఆఖరున ఏ ఖాతాకి అయిందో అందులోనే పడుతుంది. పాస్‌బుక్ పట్టుకుని తిరిగే ముందు ఆ ఇంకో ఖాతా చూసుకోండి. మ్యాపింగ్ అసలు లేకపోతే బ్యాంకులో ఫారం ఇచ్చి చేయించండి. జాబితాలోనే పేరు లేకపోతే గ్రామ, వార్డు సచివాలయంలో కారణం అడిగి అర్జీ పెట్టండి.

స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో ఉండమంటున్నారు. మాకేం తెలుసని?

ఉండండి. 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బడికి వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూడటం, టీచర్లు సమయానికి వస్తున్నారో గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం కమిటీ పని. తెలంగాణలో 2024 నుంచి బడి మరమ్మతుల వంటి పనులు మహిళా సంఘాలతో వేసిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు చూస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, మళ్ళీ 2025 జూలై 10న అన్ని బడుల్లో ఒకేరోజు మెగా తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి.

తీర్మానం పుస్తకంలో ఖాళీ పేజీ మీద మాత్రం ఎప్పుడూ సంతకం పెట్టవద్దు. రాసింది చదివించుకున్నాకే వేలిముద్రైనా, సంతకమైనా. మీటింగులో మొదట అడగాల్సింది ఆడపిల్లల మరుగుదొడ్డి గురించి: తలుపుకి గడియ ఉందా, నీళ్ళు వస్తున్నాయా, కడిగేవాళ్ళున్నారా? అది సరిగా లేకే పెద్ద పిల్లలు నెలలో కొన్ని రోజులు బడి మానేస్తారు, పొద్దున్నించీ నీళ్ళు తాగకుండా కూర్చుంటారు.

టీచరు లేరు, గది కూలిపోయేలా ఉంది. ఎవరికి చెప్పాలి?

ముందు హెచ్‌ఎంకి, తర్వాత ఎంఈఓకి (మండల విద్యాధికారి), ఆపైన డీఈఓకి (జిల్లా విద్యాధికారి). ప్రతిసారీ రాసి ఇచ్చి, ఒక కాపీ మీద తేదీ, స్టాంపు వేయించుకోండి. ప్రాథమిక బడిలో 30 మంది పిల్లలకి ఒక టీచరు ఉండాలన్నది చట్టంలోని లెక్క. కలెక్టరేట్లలో సోమవారం అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. పదిమంది తల్లులు కలిసి వెళితే పని తొందరగా కదులుతుంది. సమాచార హక్కు చట్టం కింద కూడా అడగొచ్చు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబు 30 రోజుల్లో రావాలి. గోడ పగిలి, పెచ్చులూడుతుంటే మాత్రం ఈ వరుస పాటిస్తూ కూర్చోకండి. ఆ రోజే పిల్లల్ని ఆ గదిలోంచి బయట కూర్చోబెట్టించండి.

ప్రభుత్వ బడిలో చదివితే వచ్చే స్కాలర్‌షిప్ ఏదైనా ఉందా?

ఎన్‌ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) ఉంది. దీని సంగతి తెలియక పోగొట్టుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాయాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12 వేల రూపాయలు, అంటే నాలుగేళ్ళలో 48 వేలు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. గురుకులాలు, నవోదయ, కేంద్రీయ విద్యాలయాలవాళ్ళకి లేదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకి 50 చాలు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు.

పరీక్షలో సగం ప్రశ్నలు తర్కానికి సంబంధించినవి, సగం పాఠాల్లోవి. తర్కం ప్రశ్నలు బడి పుస్తకాల్లో ఉండవు కాబట్టి పాత ప్రశ్నపత్రాలతో సాధన చేయించాలి. ఎంపికయ్యాక కూడా ప్రతి ఏడాదీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యూవల్ చేయాలి. ఒక ఏడాది మరిచిపోతే ఆ డబ్బు పోయినట్టే. బడి తెరిచిన జూన్‌లోనే ఎనిమిదో తరగతి క్లాస్ టీచరుకి చెప్పి పెట్టండి.

ఐదో తరగతి అవుతోంది. నవోదయకో గురుకులానికో పంపాలా?

నవోదయకి ఐదో తరగతి అదే జిల్లాలో చదువుతూ ఉండగానే ఆరో తరగతి ప్రవేశ పరీక్షకి దరఖాస్తు చేయాలి. ఒక్కసారే రాయడానికి వీలుంది. 75 శాతం సీట్లు పల్లె పిల్లలకి, మొత్తంలో మూడో వంతు ఆడపిల్లలకి. తెలంగాణ గురుకులాల్లో ఐదో తరగతి నుంచి చేర్చుకుంటారు కాబట్టి నాలుగులోనే దరఖాస్తు పెట్టాలి. తల్లో తండ్రో లేని, బడి మానేసిన ఆడపిల్లలకి కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి. పిల్లకి ఇల్లు విడిచి ఉండే మనసుందా లేదా అన్నది ముందు చూడండి. సీటు వచ్చిందని ఏడుస్తున్న పిల్లని బలవంతంగా దింపి రావద్దు. ఊరి బడిలో ఉండి బాగా చదివే పిల్లకి దారులు మూసుకుపోవు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కుల మీదే సీట్లిస్తారు. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకి అక్కడ అదనపు వెయిటేజీ ఉంది.

పదో తరగతిలో తల్లిదండ్రులు చూసుకోవాల్సిందేమిటి?

నామినల్ రోల్స్. పరీక్ష ఫీజు కట్టే రోజుల్లో పిల్ల వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించి, ఒక ప్రింటు తీసి సంతకం పెట్టమంటారు. పిల్లలు చూడకుండానే పెట్టేస్తారు. ఆ రోజు మీరు వెళ్ళండి. పేరు, అమ్మ పేరు, నాన్న పేరు ఒక్కో అక్షరం, పుట్టిన తేదీ, ఫొటో, మొదటి భాష, మీడియం అన్నీ చూసి అప్పుడు సంతకం పెట్టించండి. హాల్ టికెట్ వచ్చాక ఇంకోసారి చూడండి. అప్పటికి కూడా చెబితే సరిచేసే వీలుంటుంది.

ఒకటో రెండో సబ్జెక్టులు పోతే ఇల్లంతా శోకం పెట్టొద్దు. కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది, పాసైతే అదే ఏడాది ఇంటర్లో చేరొచ్చు. మార్కులు తక్కువొచ్చాయని అనుమానముంటే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్‌కి గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఫలితాలు వచ్చిన రాత్రి పిల్లని ఒంటరిగా వదలకండి.

సర్టిఫికెట్ చేతికొచ్చాక అక్కడే నిలబడి ఒకసారి చదవండి. నాలుగు జిరాక్సులు తీయించి, అసలుది ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. లామినేషన్ చేయించొద్దు, వెనకవైపు ముద్ర వేయాల్సి వస్తే వీలుపడదు. కాలేజీలో అసలు సర్టిఫికెట్ అడిగితే, తీసుకున్నట్టు రసీదు ఇస్తేనే ఇవ్వండి.